మా కథ అడగని వార్డెనమ్మ

మా వార్డెనమ్మ పోయింది. మలక్‌పేట దవాఖానలో కన్నుమూసిందని పొద్దున్నే ఫోన్ వచ్చింది. నేను ఏడుస్తూ బస్సెక్కేలోపే ఒకప్పుడు ఆమె పనిచేసిన మహిళా సంస్థ వాళ్ళు వాట్సాప్‌లో సంతాపం పెట్టేశారు. ఆమె తమ సంస్థకు వెన్నెముకట. అది చదివి నాకు ఏడుపు ఆగిపోయి ఒళ్ళు మండింది. వెన్నెముక అని రాసిన వాళ్ళెవరూ చివరి రోజుల్లో ఆమె గడప తొక్కలేదు.

ఆమె నడిపింది హాస్టల్ కాదు. ఇంట్లో దెబ్బలు తిని, ప్రాణం దక్కితే చాలని బయటపడ్డ ఆడవాళ్ళు తలదాచుకునే ఇల్లు. దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో కోచింగ్ పిల్లల కోసం ఎక్కడ చూసినా లేడీస్ హాస్టల్ బోర్డులే. వాటి మధ్య ఇంకో బోర్డు ఎవరి కంటా పడదని ఆమె మా గేటుకూ ఒకటి తగిలించింది. ఇప్పుడు ఆ ఇల్లు అక్కడ లేదు కాబట్టే ఈ సంగతి రాస్తున్నాను. నా పేరు మాత్రం రాయను, ఏ ఊరి నుంచి వచ్చానో కూడా రాయను.

ఇంటి ఓనరు ఎవరి గురించి అడిగినా, గ్రూప్స్‌కి చదువుతోందని చెప్పేది. మాలో ఒక పెద్దామెకు తలంతా నెరిసింది, సంతకం కూడా రాదు. ఈ వయసులో గ్రూప్సేమిటని ఆయన నవ్వాడు. “ఇన్నేండ్లు చదువనియ్యలే. ఇప్పుడు చదువుతది” అంది వార్డెనమ్మ, నవ్వకుండా. ఆ రోజు నుంచి ఆ పెద్దామె చంకలో పుస్తకం లేకుండా కూరగాయలకు కూడా వెళ్ళలేదు.

నేను వచ్చిన రోజు నా పెదవి చిట్లి ఉంది. ఏమైందని ఆమె అడగలేదు. కారం తగిలితే మండుతుందని పెరుగన్నం మెత్తగా కలిపి పెట్టింది. నేనే చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. “చెప్పబుద్ధయిన నాడు చెప్పు బిడ్డా. చెప్పకున్నా అన్నం పెడ్త” అంది. కొత్తగా ఎవరొచ్చినా ఆమె పద్ధతి అదే, మేమూ ఒకరి కథ ఒకరం అడగకూడదు. అలాగని మెత్తటి మనిషేం కాదు. బకెట్ నిండి నీళ్ళు పొంగితే సందు చివరిదాకా వినబడేలా తిట్టేది. సీరియల్ వచ్చేటప్పుడు ఎవరైనా దగ్గినా ఊరుకునేది కాదు.

ఆ ఇంటి కిరాయి కట్టేది సంస్థే. ఒక ఏడాది విరాళాల కోసమని ఎల్బీనగర్‌లో పెద్ద ఫంక్షన్ హాల్ తీసుకుని గాలా డిన్నర్ పేరుతో విందు పెట్టారు. కష్టాల నుంచి తేరుకుని మళ్ళీ నిలబడుతున్న మహిళల కోసమని కార్డు మీద బంగారు అక్షరాలు. మాలో ఒకరిద్దరు స్టేజీ ఎక్కి మాట్లాడాలని సంస్థ అధ్యక్షురాలు, మేం మేడమ్ అనే ఆవిడ, ఫోన్ చేశారు. కుదరదంది వార్డెనమ్మ. సరే, భోజనానికే రమ్మన్నారు. దాచుకోవడమెందుకు, మాకు సంబరంగానే ఉంది. చీరలు ఇస్త్రీ చేసుకుని, ఒకరికొకరం జడలు వేసుకుని వెళ్ళాం.

ముందు వార్డెనమ్మను పైకి పిలిచి శాలువా కప్పారు. ఆమె ఇంకా దిగనేలేదు, యాంకర్ సంస్థ వాళ్ళిచ్చిన కాగితం చూసి నా పేరు మైకులో చదివింది. ఊరితో సహా చదివింది. నా ధైర్యానికి చప్పట్లు కొట్టమంది. టేబుళ్ళ దగ్గర ఫోన్లు లేచాయి. అప్పటికి మా ఆయన నా కోసం ఊరూరా వెతుకుతున్నాడు. పిలిస్తే లేవడమే అలవాటైన దాన్ని, ఆ భయంలో కూడా లేచి మెట్ల దాకా నడిచాను.

వార్డెనమ్మ గబగబా దిగి, తన భుజాల మీది శాలువా లాగి నా తల మీంచి గడ్డం దాకా కప్పేసింది. మేడమ్ వెనకే వచ్చి, “రెండు ముక్కలే కదండీ, దాతల మనసు కరగాలి కదా” అన్నారు. వార్డెనమ్మ యాంకర్ చేతిలో మైకు తీసుకుంది.

“అన్నం పెడ్తమంటె ఒచ్చినం. ఈ పిల్ల మొఖం మీ ఫోన్లల్ల పడితె రేపు దాని మొగడు మా గేటుకాడ ఉంటడు. అప్పుడు మీరొస్తరా?”

హాల్లో వాళ్ళంతా మేం లేచి వెళ్ళిపోతామనుకున్నారు. ఆమె మమ్మల్ని కూర్చోబెట్టి, పిలిచిన్రు గద, తినే పోదామంది. నేను శాలువా కిందే బిర్యానీ తిన్నాను.

మరుసటి నెల నుంచి కిరాయి ఆగింది. ఆమెకు మర్యాద తెలియదని సంస్థ వాళ్ళు ఊరంతా చెప్పుకున్నారు. ఒక ఆడమనిషి ప్రాణానికీ వాళ్ళ భోజనాల ముందు వినోదానికీ తేడా తెలియని వాళ్ళు మర్యాద గురించి మాట్లాడారు. ఆమె మాత్రం వేరే చోట చిన్న ఇల్లు వెతికి మమ్మల్ని తీసుకెళ్ళింది. ఒక గది ఉన్న ఇంట్లో అందరం సర్దుకుని పడుకున్నాం. ఆ ఇంట్లో ఉండగానే నేను కుట్టుపని నేర్చుకుని నా కాళ్ళ మీద నిలబడ్డాను.

శ్మశానానికి మేడమ్ వచ్చారు, ఫొటోగ్రాఫర్‌తో. వార్డెనమ్మ పేరు మీదే ఈసారి గాలా పెడతారట. కళ్ళు తుడుచుకుంటూ, మమ్మల్ని పాడె పక్కన వరసగా నిలబడమన్నారు. మొదట ఆ పెద్దామె వెళ్ళి వార్డెనమ్మ తల దగ్గర, ఆమె వైపు తిరిగి నిలబడింది. మేమంతా వెళ్ళి భుజానికి భుజం ఆనించి చుట్టూ నిలబడ్డాం. ఫొటోగ్రాఫర్ అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. ఎవరూ సందివ్వలేదు.

ఆ ఫొటో మర్నాడు వాట్సాప్‌లో వచ్చింది. మేడమ్ ఒక్కరే దండ పట్టుకుని కెమెరా వైపు చూస్తున్నారు. వెనక అన్నీ మా వీపులే.