విత్తింది ఎవరు?

నిన్న జగదల్‌పూర్‌లో ఒక దుకాణంలో విత్తనాలున్న మెరిసే సంచీ విప్పి వాసన చూశాను. పురుగుమందుల కంపు తప్ప వడ్ల వాసన లేదు. పైన 'బస్తర్ నల్ల వడ్లు, ఒరైజా సటైవా' అని, కింద కంపెనీ పేరు అరచేయంత అక్షరాల్లో. వాటిని ఇన్నాళ్ళూ కాపాడిన మనిషి పేరు ఎక్కడా లేదు. ఒళ్ళు మండిపోయింది. అనసూయ మేడం గుర్తొచ్చారు.

మేడం ఆంధ్ర సరిహద్దులోని కోంటాలో కిరాణా వర్తకుల ఇంటి ఆడపిల్ల. మాకు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారు. లాటిన్ పేర్లను బట్టీ పట్టనిచ్చేవారు కారు. సటైవా అంటే విత్తినది, విత్తడమనే క్రియ నుంచే పుట్టిన విశేషణం, అడవిలో తనంతట మొలిచినదానికి తగదు అనేవారు. లాటిన్‌లో కుంకుమపువ్వు పేరు పుల్లింగం గనుక సటైవస్, వరి స్త్రీలింగం గనుక సటైవా, బఠాణీ నపుంసకం గనుక సటైవం. పొలం గట్ల మీద నడిపిస్తూ ఈ రూపాలన్నీ మా చేతే చెప్పించేవారు.

ఒకసారి కాలేజీలో విత్తనాల ప్రదర్శన పెట్టారు. గొల్లపల్లిలో మా అమ్మమ్మ ముత్తమ్మ సొరబుర్రలో దాచిన నల్ల వడ్లు నేను తీసుకెళ్ళాను. చీటీ మీద 'రైతు పేరు: తెలియదు' అని రాయమన్నాడు ప్రదర్శన నడిపే పెద్దసారు. రాశాను. ఆయన చెప్పాడనే కాదు, ఊరి ముసలమ్మ మనవడినని నలుగురికీ తెలుస్తుందన్న సిగ్గుతో కూడా. అందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం.

మేడం చీటీ చదివారు.

"ఇదేంది? మీ అమ్మమ్మ పేరు నీకు తెల్వదా?"

"సారు రాయమన్నడు మేడం."

"సటైవా అంటే ఏంది?"

"విత్తింది."

"ఎవ్వరు విత్తకుంటనే మొలిచిందా మరి?"

మేడం చీటీ పట్టుకుని వెళ్ళి సారును నిలదీశారు. "పేరుతో ఏం పని మేడం? రకం ముఖ్యం," అని ఆయన హిందీలో చెప్పి నవ్వాడు. "అయితే రకం కూడా ఉండదు," అని మేడం బల్ల మీది వడ్లను ఒక్క గింజ వదలకుండా ఎత్తి నా సంచీలో పోశారు.

"పో. ఎందుకు వాపస్ తెచ్చినవో అమ్మమ్మకు నీ నోటితోనే చెప్పు."

చెప్పాను. అమ్మమ్మ తిట్టలేదు. వడ్లను గుప్పిట్లోకి తీసుకుని, "నా పేరొక్కటేనారా? ఇవి నాకిచ్చింది మా అమ్మ. ఆమె పేరు ఎవరు రాస్తరు?" అంది.

ఆ పేరు నాకు నిజంగానే తెలియదు. అడిగి తెలుసుకున్నాను. కన్నమ్మ.

మేడం ఇప్పుడు లేరు. నేను విత్తనాలు సేకరిస్తున్నాను. ఇచ్చినవాళ్ళ పేరు, వాళ్ళకిచ్చినవాళ్ళ పేరు రాశాకే లాటిన్ పేరు రాస్తాను. నిన్నటి సంచీని కొని ఇంటికి తెచ్చాను. కంపెనీ పేరు మీద ఒక చీటీ అంటించి, 'విత్తింది ఎవరు?' అని రాసి, ఈ ఉదయమే ఆ కంపెనీకే వాపస్ పంపాను.