మా పెరట్లో అమెరికా దొరసాని

ఇస్నాపూర్‌లో మా ఇంటి కిటికీ తెరిస్తే ఎప్పుడూ వచ్చేది మందుల ఫ్యాక్టరీల ఘాటే అయినా, బతుకమ్మ పండుగ దగ్గరపడ్డాక ఏదో ఒక సాయంత్రం కింది వాటాలో ఎవరో నువ్వులు వేయిస్తారు. ఆ కమ్మటి వాసన తగలగానే అరవై దాటిన నేను పటాన్‌చెరులో మా కిరాణా దుకాణం వెనక పెరట్లో, జారిపోతున్న లాగును ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో సత్తుపిండి బుక్కుతూ నిలబడి ఉంటాను. అమెరికా అధ్యక్షుడి భార్య వచ్చింది ఆ పెరట్లోకే.

సరే, నడిచి రాలేదు. ఉర్దూ పేపర్లో వచ్చింది.

పేపరు పక్కింటి గాజుల దుకాణం వాళ్లది. ఆ ఇల్లాలు మెహరున్నీసా అమ్మకు ఆపా, అంటే అక్క; నాకు ఖాలా, అంటే పెద్దమ్మ. మధ్యాహ్నం మా అమ్మ నువ్వులు చెరుగుతుంటే, మేనత్త తంగేడు పూలు విడదీస్తుంటే, ఖాలా గడప మీద కూర్చుని ఉర్దూలో చదివి, మాకు తెలుగులో చెప్పేది. ఆ తంగేడు కోసం మేం పిల్లలం కర్దనూర్ దాకా పోయేవాళ్లం. దారిలో పులులు ఎదురొచ్చేవి. సరే, కుక్కలు. ఒకటే కుక్క, అదీ ముసలిది.

ఏటా బతుకమ్మ చుట్టూ అందరికంటే ముందు పాట అందుకుని చప్పట్లు కొట్టే అమ్మ, ఆ ఏడు నడుం నొప్పి అంటూ పక్కన నిలబడేది. తలుపు వేసుకుని ఆముదపాకు వెచ్చచేసి ఛాతీకి కట్టుకునేది. ఎందుకని అడిగితే నా నోట్లో మలీద ముద్ద కుక్కేది. ఆడవాళ్ల ఒంటి సంగతి మగవాళ్ల చెవిన పడకూడదు.

ఆ మధ్యాహ్నం ఖాలా చదివింది: "అమెరికా పెద్దాయన భార్యకు రొమ్ముల గడ్డ లేసిందంట. ఆపరేషన్ చేసిండ్రంట. దాసిపెట్టకుండ దునియాకంత చెప్పిండ్రంట."

మేనత్త పూలు వదిలేసి చెవులు మూసుకుంది. "థూ! గంత పెద్దింటామెకు సిగ్గు లేదా?"

"సిగ్గేందమ్మా! జాన్ పోతె సిగ్గును ఏం జేస్కుంటవ్?" అంది ఖాలా.

అమ్మ చేట కింద పెట్టింది. "ఆపా, నాకు గూడ ఉన్నది."

మేనత్త చేతులు చెవుల మీద నుంచి దిగిపోయాయి. ఖాలా లేచి నేరుగా దుకాణం ముందుకు పోయి, ఉప్పు కోసం నిలబడ్డ గుంపులోనే, "సేట్, రేపు దుకాణం బంద్ పెట్టు. నీ భార్యకు రొమ్ముల గడ్డ ఉన్నది, పట్నం దవాఖానకు తీస్కపో" అంది. నాన్న చేతిలో తక్కెడ ఊగుతూనే ఉంది.

తెల్లారి అమ్మను బస్సెక్కించి తీసుకెళ్లింది నేనే, డాక్టరుతో మాట్లాడిందీ నేనే. అంటే, నాన్న ఒళ్లో నిద్రపోయాను. గడ్డ తీసి పరీక్షకు పంపారు. జవాబు వచ్చేదాకా ఇంట్లో పండుగ పిండివంటలు ఎవరూ ముట్టలేదు. నేను ముట్టాను, డబ్బా అడుగు కనిపించేదాకా.

అది చెడ్డ గడ్డ కాదన్నారు. నాన్న బస్సు దిగి దుకాణం అరుగు మీద కూలబడి, తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ, వచ్చిన ప్రతి బేరానికీ "ఏం గాలే, ఏం గాలే" అని చెప్పాడు. ఏం కాలేదో వాళ్లకు చెప్పలేదు.

పెద్దయ్యాక ఆ దొరసాని సంగతులు తెలుసుకున్నాను. వయసులో నాట్యం చేసేదట. ఆమె నోరు విప్పాక ఆ దేశపు ఆడవాళ్లు పరీక్షలకు బారులు తీరారట. తర్వాత తన తాగుడు అలవాటునూ దాచుకోక, అలాంటివాళ్ల కోసం చికిత్స కేంద్రం పెట్టించిందట. పటాన్‌చెరులో ఒకామె తన కబురు విని చేట కింద పెట్టిందని మాత్రం ఆమెకు తెలియదు.

ఇప్పుడా పెరడు గోదాము అయింది. తంగేడు పూసిన చోట రేకుల షెడ్లు లేచాయి. ఖాలా లేదు. అమ్మ ముసలితనం అంతా చూసి, మనవరాళ్లకు జడలు వేసి వేసి, నిద్రలోనే పోయింది. మొన్న అన్నాల దగ్గర మా అమ్మాయి, భర్త ముందే, పిల్లల ముందే, "బాపూ, రేపు పొద్దుగాల నాకు రొమ్ము పరీక్ష ఉన్నది, ఏటేటా చేసుకునేదే. పిల్లల్ని బడికాడ దింపు. గా పచ్చిపులుసు జెర ఇటు జరుపు" అంది.

ఎవరి ముద్దా ఆగలేదు. నేను పచ్చిపులుసు జరిపాను.