శుభ్రమైన వాసన

అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు చదివే అమ్మాయిల హాస్టల్ అది. దాని యజమానురాలు ఆదిలక్ష్మి బాత్రూముల్లోకి ఎన్నడూ అడుగుపెట్టదు. గుమ్మం దగ్గరే నిలబడి గాలి పీలుస్తుంది. ముక్కు చుర్రుమంటే శుభ్రమైనట్టు. లేకపోతే, "కడిగావా, నీళ్లు చూపించి వచ్చావా?" అని మళ్లీ లోపలికి తోలుతుంది.

అందుకే అక్కడ బాత్రూములు కడిగే కురుమమ్మ బ్లీచింగు పొడి చల్లి, దాని మీదే యాసిడ్ పోయడం మొదలుపెట్టింది. విడివిడిగా వాడితే రాని ఘాటు, రెండూ కలిస్తే లేచేది. కొంగు ముక్కుకు చుట్టుకుని ఆ పొగలోనే రుద్దేది. "ఇదీ పనంటే," అనేది ఆదిలక్ష్మి. ఆ మాట కోసం కురుమమ్మ ఏళ్లతరబడి దగ్గింది.

చివరికి చిక్కడపల్లిలో తన ఇంటి మెట్లు కూడా ఎక్కలేకపోయింది. దవాఖానలో డాక్టరు స్కాన్ చూసి చెప్పాడు.

"ఊపిరితిత్తుల్ల చిన్న చిన్న గాలి తిత్తులుంటయమ్మా. వాటి గోడ ఉల్లిపొర కన్న పల్చన. ఆ పొగ లోపలి తడికి తగిలి యాసిడ్ అయితది, గోడ మీది కణాలను కాలుస్తది. మరమ్మతు చేసే కణాలు వచ్చి అక్కడ నారపోగులు అల్లుతయి. ఒక్కసారి కాలితే కొంచెం అల్లి ఊకుంటయి. నువ్వు రోజూ కాల్చినవ్."

"అల్లితే మంచిదే గద సార్?"

"పొర మీద పొర కుడితే ఏమైతది?"

"బొంతయితది."

"గదే. బొంతల నుంచి గాలి నెత్తుర్లకు ఎట్ల పోతది? పడ్డ మచ్చ ఇగ పోదు. పెరగకుండ జర చూసుకోవాలె. ఆ పని బంద్ చెయ్."

ఆమె మానేసిన పనిలోకి కోడలు సంధ్య వెళ్లింది. "రెండు కలపకు బిడ్డా, నా మీద ఒట్టెయ్," అంది కురుమమ్మ. సంధ్య ఒట్టేసింది. అయినా మనసాగక కురుమమ్మ హాస్టల్‌కు పోయి, కింది మెట్టు మీదే కూలబడి ఆదిలక్ష్మిని పిలిపించింది.

"మేడమ్, పిల్లతోని గవి కలిపియ్యకున్రి. నా పానం గట్లనే ఖరాబైంది."

"నేనెప్పుడు కలపమన్నాను కురుమమ్మా? శుభ్రంగా ఉండాలన్నాను, అంతేగా."

నిజమే. ఆమె ఏనాడూ కలపమనలేదు.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం సంధ్య దగ్గుతూ ఇల్లు చేరింది. కురుమమ్మ కోడలి కొంగు లాగి వాసన చూసింది.

"కడిగిందే కడిగిపిచ్చింది అత్తమ్మా, ఏం చెయ్యాలె," అంది సంధ్య. తర్వాత కాస్త సిగ్గుపడుతూ, "ఇయ్యాల మెచ్చుకుంది. ఇదీ పనంటే, అన్నది."

తిట్టడానికి కురుమమ్మకు ఊపిరి చాలలేదు.