ఒకే లైను మీద ఇద్దరం

ఈమధ్య మార్కాపురంలో ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలు ల్యాప్‌టాప్ ముందు తల పట్టుకుని కూర్చుంటే, సంగతేమిటో చూద్దామని నేనూ పక్కన చేరాను. ఒకే ప్రోగ్రాములో ఒకే లైనును తానూ, ఎక్కడో ఉన్న మరొకరూ చెరో రకంగా మార్చారట. కలపబోతే కంప్యూటరు కలపలేక, రెండు రాతలనూ ఒకదాని కింద ఒకటి చూపించి, ఏది ఉంచాలో మీరే చెప్పండని ఆగిపోయిందట. దాన్ని మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ అంటారని చెప్పింది. పేరు కొత్తదే గాని, ఆ చిక్కులో నేనూ పడ్డదాన్నే.

అవి ఫ్లాపీల రోజులు. వేసవిలో పల్లెలకు నీళ్ళ ట్యాంకర్లు తిప్పే మా మేనమామ, ఏ ఊరికి ఎన్ని ట్రిప్పులో లెక్కగట్టే ప్రోగ్రాము రాసిపెట్టమని నన్నూ, గిద్దలూరులో కంప్యూటరు నేర్పే మా పెదనాన్న కొడుకునూ అడిగాడు. ఇద్దరం కలిసే మొదలుపెట్టినా, ఆ తర్వాత చెరో ఫ్లాపీలో పట్టుకెళ్ళి, ఎవరి ఊళ్ళో వాళ్ళం మార్చుకుంటూ పోయాం. ఎండలు ముదిరాక మామ, అన్న పంపిన ఫ్లాపీని తన కంప్యూటరులో ఉన్న నా ప్రోగ్రాము మీదే ఎక్కించేశాడు. నేను మార్చినదంతా చెరిగిపోయి, బోర్లు ఎండిన తర్లుపాడు వైపు పల్లెకు ఒక్క ట్యాంకరే వెళ్ళింది. ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో తిరిగిపోయారు. ఆ మాట విని ఒళ్ళు మండి, నా ఫ్లాపీ తీసుకుని గిద్దలూరు బస్సెక్కాను.

అన్న కోప్పడలేదు. రెండు ప్రోగ్రాములనూ ప్రింటు తీసి, ఆ పొడుగాటి కాగితాలను నేల మీద పక్కపక్కన పరిచి, ఎర్ర పెన్సిలుతో ఒక్కో లైనూ పోల్చుకుంటూ వచ్చాం. చాలావరకు తేలిగ్గానే కలిసిపోయాయి. ట్రిప్పుల లెక్క దగ్గర మాత్రం ఆగిపోయాం. అక్కడ నేను బోర్లు ఎండిన ఊళ్ళకు ట్రిప్పులు పెంచాను. అన్న అదే లైనులో మేకలనూ గొర్రెలనూ చేర్చాడు.

"మనుషులకే నీళ్ళు లేకుంటే జీవాల లెక్క ఏందన్నా?" అన్నాను.

"రాచర్ల కాడ ఒక అవ్వను చూసినానమ్మా. పట్టుకున్న బిందె మేకలకు పోసి, తాను ఎండిన గొంతుతో కూసోనుంది. జీవాలను లెక్కలో ఏసుకోకుంటే తగ్గేది మనుషుల నీళ్ళే" అన్నాడు.

ఆ సంగతి నాకు తట్టనేలేదు. ఎండిన బోర్ల సంగతి అతనికీ అప్పటిదాకా తెలియదు. ఇద్దరి లైన్లూ కొట్టేసి, రెండు కష్టాలూ లెక్కలోకి వచ్చే మూడో లైను కలిసి రాశాం. పెరిగిన ట్రిప్పులు చూసి మామ గొణుక్కుంటూనే ఇంకో ట్యాంకరు బాడుగకు తెచ్చాడు. తర్లుపాడు వైపు బిందెలు నిండాయి, రాచర్ల వైపు తొట్లూ నిండాయి.

ఎవరు ఏ లైను ఎప్పుడు మార్చారో ఇప్పుడు కంప్యూటరే పేరుతో సహా చూపిస్తుంది. ఒకరి పనిని ఒకరు తెలియక చెరిపేసుకునే బాధ పోయింది, మంచిదే. అయినా ఆ మార్చిన మనిషికి ఎదురుగా కూర్చుని, ఎందుకు మార్చావని అడిగి, అతను చూసివచ్చిన ఊరి సంగతి వినే మధ్యాహ్నాలు కూడా దానితోపాటే పోయినట్టున్నాయి.