ఒంటి తుమ్ము, గుక్కెడు మంచినీళ్ళు

ఈ ఉదయం కెనడాలోని మా గ్వెల్ఫ్‌లో మంచు మెత్తగా కురుస్తూనే ఉంది. అలవాటు ప్రకారం ఉష్ణోగ్రత డైరీలో రాసుకుని, కాఫీ పట్టుకుని టీవీ ముందు కూర్చున్నాను. ఆఫ్రికాలోని ఒక చిన్న దేశంలో అప్పటికే మధ్యాహ్నం. ఎర్రమట్టి మైదానం నిండా జనం, రంగురంగుల గొడుగులు. ఒకప్పుడు మా బేస్‌మెంట్‌లో అద్దెకున్న కుర్రవాడు అక్కడ అధ్యక్షుడిగా ప్రమాణం చేయబోతున్నాడు. కుర్రవాడంటున్నాను గాని, జుట్టంతా నెరిసిపోయింది. "చిక్కిపోయాడండీ," అంది మా ఆవిడ. ఆవిడ లెక్కలో మా ఇల్లు విడిచినవాళ్ళంతా చిక్కిపోతారు.

నేను మట్టి గురించి పాఠాలు చెప్పే యూనివర్సిటీకే అతను స్కాలర్‌షిప్ మీద వచ్చాడు. తండ్రి లేడు. తల్లి బస్టాండులో వేయించిన పల్లీలు అమ్మేది. బడిలో చేరేదాకా ఊళ్ళోవాళ్ళ మేకలు కాశాడట. మా ఆవిడ చట్నీకి పల్లీలు వేయిస్తే చాలు, నిద్రలో నడిచినట్టు మెట్లెక్కి వచ్చి, వంటింటి గుమ్మంలో కళ్ళు మూసుకుని నిలబడేవాడు. "మా బస్టాండు ఇక్కడికే వచ్చేసిందమ్మా," అనేవాడు. అమ్మా అన్నది తెలుగు, మిగతాదంతా ఇంగ్లీషు. కిటికీ అవతల మంచు, ఇవతల ఆ కమ్మటి వాసన. ఎన్నడూ చూడని ఆ ఊళ్ళో, ఏదో బస్సు కోసం నేనూ ఎదురుచూస్తున్నట్టే ఉండేది.

చదువు అయ్యింది. ఇక్కడే ఉద్యోగం దొరికింది. ఇంతలో, అతన్ని మేకల దగ్గర్నుంచి బడికి తీసుకెళ్ళిన మాస్టారు రైతులను కూడగట్టినందుకు జైలు పాలయ్యాడని కబురొచ్చింది. ఆయన పని ఎవరో ఒకరు అందుకోవాలి, వెళ్ళిపోతానన్నాడు. మా ఆవిడ ఊరుకోలేదు.

"జాబ్ వచ్చింది, ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ వచ్చింది. అక్కడికెళ్తే నిన్నూ లోపలేస్తారు. మీ అమ్మని స్పాన్సర్ చేసి ఇక్కడికే తెచ్చేసుకో!"

"అమ్మ వస్తుంది. ఆవిడ దగ్గర పల్లీలు కొనేవాళ్ళందర్నీ ఎలా స్పాన్సర్ చెయ్యనమ్మా?"

బయల్దేరే రోజు రానే వచ్చింది. సూట్‌కేసు కారులో పెట్టి ఇంజను ఆన్ చేసి వచ్చాను. అతను గుమ్మం దాటబోతుండగా మా ఆవిడ తుమ్మింది. ఒక్కటే తుమ్ము.

"ఆగు! ఒంటి తుమ్ము మంచిది కాదు. కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళు."

"ఫ్లైట్ మిస్సవుతుందే," అన్నాను.

"అయితే ఇంకా మంచిది!"

అతను బూట్లు విప్పి లోపలికొచ్చి కూర్చున్నాడు. ఆవిడ ఇచ్చిన స్టీలు గ్లాసెడు నీళ్ళూ మెల్లగా, గుక్క గుక్కగా తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా ఆవిడ చాలాసేపు అతని మొహంలోకే చూసింది. చివరికి, "ఇక వెళ్ళు నాయనా," అంది. అది నిజం తుమ్మో, ఆపడానికి తెచ్చిపెట్టుకున్నదో నేనెప్పుడూ అడగలేదు. ఆనాటి నా డైరీలో పడమటి గాలి, తేలికపాటి మంచు అని మాత్రమే ఉంది.

మేము భయపడినంతా జరిగింది. అతన్నీ జైల్లో పెట్టారు. "నీళ్ళు తాగే వెళ్ళాడుగా, ఏం కాదులెండి," అని ఆవిడే నాకు ధైర్యం చెప్పేది. కాని అతను బయటికొచ్చేదాకా మా ఇంట్లో కొబ్బరి చట్నీయే తప్ప పల్లీల వాసన లేదు. తర్వాత రైతు సంఘం, పార్లమెంటు, ఒకసారి ఓటమి, ఇప్పుడీ గెలుపు. అన్నీ దూరం నుంచి, మంచు పట్టిన అద్దంలోంచి చూసినట్టే చూశాం.

టీవీలో అతని పేరు పిలిచారు. లేచి రెండడుగులు వేశాడు. వెనక వరుసలో పతకాల కోటు వేసుకున్న ఒక సైనికాధికారి గట్టిగా తుమ్మాడు. ఒక్కటే. అతను ఆగిపోయాడు. వెనక్కి వచ్చి, కుర్చీలో కూర్చుని, నీళ్ళు తెమ్మని సైగ చేశాడు. ప్రమాణం చేయించాల్సిన న్యాయమూర్తి అలాగే నిలబడిపోయాడు. ఎండ తగిలిందేమోనని వ్యాఖ్యాత కంగారుపడుతున్నాడు. అతను మెల్లగా, గుక్క గుక్కగా తాగుతున్నాడు.

నా పక్కన మా ఆవిడ లేచి నిలబడింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా చూసి, "ఇక వెళ్ళు నాయనా," అంది నెమ్మదిగా.

అతను లేచాడు. బయట కారు ఇంజను ఇంకా ఆన్‌లోనే ఉన్నట్టనిపించింది నాకు. ఆ రోజు మా ఇంట్లో ఎత్తిన గ్లాసునే అతను ఇప్పుడు కింద పెట్టాడేమో, ఇన్నేళ్ళుగా నేను డైరీల్లో రాసుకున్న కాలమంతా ఆ నీళ్ళు గొంతు దిగినంత సేపేనేమో.