నేను తుడిచేసిన సంతకాలు

మొన్న బ్యాంకులో ఒక కంప్యూటరు తెర మీద, మూలన చిన్న సందేశం మెరిసింది, వైరస్ సిగ్నేచర్లు కొత్తవి వచ్చాయని. ఎదురుగా కూర్చున్న అమ్మాయి దానివైపు చూడనైనా లేదు గానీ, నేను మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

ఫ్లాపీల కాలంలో కంప్యూటరు నేర్చుకున్నవారికి గుర్తుండే ఉంటుంది, యాంటీవైరస్ ప్రోగ్రాము వైరస్‌లను పోల్చుకునే జాబితా ఫైళ్లను ఒక కంపెనీవారు డెఫినిషన్లనీ, ఇంకొకరు ప్యాటర్న్ ఫైలనీ, మరొకరు సిగ్నేచర్లనీ ఎవరికి తోచినట్టు వారు పిలిచేవారు. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మా మేనమామ నడిపే కంప్యూటరు సెంటర్లో అప్పట్లో పనిచేస్తున్న నాకు మొదటి పేరొక్కటే తెలుసు.

ఆ ఏడు బోధన్ వైపు చెరకు రైతుల గుర్తింపు కార్డుల పని మాకు వచ్చింది. నేను ఊరూరా తిరిగి చీటీల మీద సంతకాలు తెస్తే, మామ వాటిని స్కాన్ చేసి చీటీలు పారేసేవాడు. ఇంతలో కంప్యూటరుకు వైరస్ పట్టింది. కొత్త యాంటీవైరస్ సీడీ పంపిన హైదరాబాదు ఇంజనీరు ఫోనులో, ముందు పాత సిగ్నేచర్లన్నీ తీసెయ్యమన్నాడు. వెతికితే సిగ్నేచర్స్ అనే ఫోల్డరు కనిపించింది, లోపల ఫైళ్లకు పేర్లు లేవు, ఉత్త నంబర్లు. ఒక్కటైనా తెరిచి చూడకుండా అన్నీ తుడిచేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను.

సాయంత్రం మామ కార్డు అచ్చువేస్తే ఫొటో కింద తెల్లగా వచ్చింది.

"సంతకాలేవి బిడ్డా?"

నేను తుడిచేసినవి రైతుల సంతకాలని అప్పుడు తెలిసి, జరిగింది చెప్పాను. మామ తిట్టలేదు, కుర్చీలో కూలబడ్డాడు. మర్నాటి నుంచి ఇద్దరం స్కూటరు మీద మళ్లీ ఊళ్లు పట్టాం. రైతులు నవ్వుతూనే ఇంకోసారి సంతకాలు చేసిచ్చారు. చందూర్ దగ్గర ఒక ఇంట్లో మాత్రం అవ్వ ఒక్కతే ఉంది.

"ముసలాయన పోయి ఇరవై దినాలైంది. ఆయన సంతకం మీ మిషిన్ల ఉన్నదంట గద, ఒక్కపాలి సూపియ్యి బిడ్డా."

అరవై దాటాక వయోజన విద్యలో సంతకం నేర్చుకున్న ఆ మనిషి, కాగితం మీద సంతకం పెట్టింది మా చీటీ ఒక్కదానిమీదేనట. అబద్ధమాడలేక, నా చేతులతో నేనే తుడిచేశానని చెప్పాను. అవ్వ నా చేతిలోంచి పెన్ను తీసుకుంది. అక్షరమ్ముక్క రాని మనిషి, కాగితం మోకాలి మీద పెట్టుకుని, ఒక్కో వంపూ దిద్దుతూ భర్త పేరు రాసింది.

"దినాం బొగ్గుతోని గోడ మీద రాస్తుండె, వానకు పోతుండె. సూడంగ సూడంగ నాకు వచ్చింది."

ఆ కాగితం మడిచి తనే రొంటిన దోపుకుంది.

ఇప్పుడా యాంటీవైరస్ ఫైళ్లు వాటంతటవే వచ్చి చేరతాయి, రైతులు వేలిముద్ర యంత్రం అద్దం మీద వేలు పెడితే పనైపోతుంది, నాలాంటి పొరపాటు ఎవరూ చెయ్యరు. మంచిదే. కానీ పాతికేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్న మా ఆయన సంతకం ఎలా ఉంటుందో రాసి చూపించమంటే, నాకు మొదటి అక్షరం కూడా గుర్తుకు రావడం లేదు.