నాచు కోసం నా తిప్పలు

మూడు రోజుల కింద నాచు కోసం ఇల్లిల్లు తిరిగి ఉన్న ఇజ్జత్ పోగొట్టుకున్న! జర చాయ్ పోయుండ్రి, చెప్త. ఇంకా కాళ్లు గుంజుతనే ఉన్నయి. నవ్వకుండ్రి.

మా హుజూర్‌నగర్ కాలేజీల నేను బాటనీ చెప్తగద. తెల్లారితే ప్రాక్టికల్ ఎగ్జామ్. మైక్రోస్కోప్ కింద పెట్టనీకి నాచు పోగులు తెచ్చి సీసల దాచిన. ల్యాబ్ ఊడ్చే ఆమె "మురికినీళ్లున్నయి మేడం, కడిగి బోర్లిచ్చిన" అన్నది, సంబురంగ! ఇగ పిల్లల మార్కుల గతేంది?

పొద్దుగూకంగ సీస పట్టుకొని మా గల్లీల పడ్డ. ముందుగాల పక్కింటి సత్తెమ్మత్త.

"అత్తా, మీ నీళ్ల హౌజుల నాచున్నదా?"

"మా హౌజుల నాచా? ఎవరన్నరే? రోజు కడుగుత నేను!"

"గట్ల కాదత్తా, నాకే కావాలె..."

"సదువుకున్నదానివని ఇంటికొచ్చి వంకలు పెడ్తవా?" దబ్బున తలుపేసింది.

రెండో ఇంట్ల హౌజు ఖాళీ. మూడో ఇంట్ల కోడలు బ్రష్షుతోని రుద్దుతాంది.

"ఏందే గీ టైంల?"

"దోమల చెకింగ్‌కు ఎవరో మేడం సీస పట్టుకొని వస్తాందంట అక్కా. సత్తెమ్మ ఫోన్ చేసింది. ఫైన్ ఏస్తరంట!" అనుకుంట నా చేతిల సీస చూసింది. "ఓయమ్మా, నువ్వేనా?"

ఇగ ఏ ఇంటికి పోయినా నాకంటే ముందు ఫోన్ ఉరుకుతాంది. బర్రెలు తాగే గోలెం గూడ తళతళ మెరుస్తాంది. గల్లీ నిండ కడిగిన నీళ్లు. గా నీళ్లల్లనే జర్రున జారి పడ్డ. యాష్టకొచ్చి ఒట్టి సీసతోని ఇంటికొచ్చిన.

కాళ్లు కడుక్కుందామని నల్లా తిప్పితే చుక్క వస్తలేదు. గట్టిగ కొడితే పచ్చటి పోగు సర్రున జారి మగ్గుల పడ్డది. నాచు!

"మిద్దె మీద ట్యాంకి మూత పగిలిందని ఎప్పటిసంది మొత్తుకుంటున్న, ఇన్నవా?" అన్నది మా అత్త.

ఎక్కి చూస్తే ట్యాంకి అంత పచ్చగ! ఏడుపొక దిక్కు, సంతోషమొక దిక్కు. సీస నింపిన. తెల్లారి పిల్లలు స్లైడ్లు మంచిగ చేసిండ్రు, నా పానం కుదుటపడ్డది.

ఇంటికొచ్చేసరికి గల్లీ ఆడోళ్లంత మా గేటు కాడనే ఉన్నరు. "నాచు దొరికిందంట గద! ఎవరింట్లనే?" అన్నది సత్తెమ్మత్త, కండ్లు మెరుసుకుంట.

"కాలువలత్తా," అన్న.

లోపల్నుంచి మా అత్త కేకేసింది: "కాలువ ఏందే? మన ట్యాంకిలదే గద!"

గల్లీ అంత కడిగిచ్చిన మేడంను నేను, ఇగో, రెండు రోజులసంది పెరటి తలుపుకెల్లి కాలేజీకి పోతున్న.